ఒక కేక కోసం పడ్డ పాట్లు

ఆ రోజుల్లో నాకు రాని విద్యలు చాలానే ఉండేవి కానీ, అరవడం కూడా వాటిలో ఒకటని పదో తరగతికి వచ్చేదాకా తెలియలేదు. విజయవాడలో నేను చదివిన స్కూల్లో నోరు మూసుకుని కూర్చునే పిల్లకి మంచి పేరు. ఆ పేరును సూట్‌కేసులో భద్రంగా సర్దుకుని, అమ్మానాన్నల ఉద్యోగాల వెంట వర్జీనియాలోని ఆష్‌బర్న్‌కి వచ్చి పడ్డాను. తీరా చూస్తే ఇక్కడ దానికి చెల్లుబాటు లేదు. పేరెంట్ మీటింగులో టీచర్లు "షీ ఈజ్ సో క్వైట్" అని జాలిగా చెబితే, మా నాన్న దాన్ని మెచ్చుకోలు అనుకుని మురిసిపోయి, థాంక్యూ చెప్పి వచ్చేవారు.

హైస్కూల్లో ఆర్ట్స్ క్లాసు ఏదో ఒకటి తీసుకోక తప్పదన్నారు. బొమ్మలు వేయడం రాదు, పాడితే పక్కవాళ్ళకి ఇబ్బంది. అందుకని డ్రామా తీసుకున్నాను (ఏ చెట్టు వేషమో ఇచ్చి మూలన నిలబెడతారని నా ఆశ). ఆ క్లాసు చెప్పే ఆవిడ ఎండాకాలంలో కూడా మెడకో కండువా చుట్టుకునేది కాబట్టి మాకు కండువా టీచర్. ఆవిడ ఆ ఏడు ఎంచుకున్న నాటకం, ఎప్పుడో వందల ఏళ్ళ కిందట ఈ దేశంలో ప్యూరిటన్లనే మహా నిష్ఠాపరుల ఊళ్ళో జరిగిన చేతబడి గోల. ఆటలు పాపం, పాటలు పాపం, ఆదివారం నవ్వితే అదీ పాపమే. అలాంటి ఊళ్ళో ఉన్నట్టుండి కొందరు ఆడపిల్లలు కేకలు పెడుతూ మెలికలు తిరిగిపోతారు. "ఎవరు చేశారమ్మా ఇది?" అని పెద్దలు అడుగుతారు. పిల్లలు వేలు పెట్టి ఎవరిని చూపిస్తే ఆవిడ మంత్రగత్తె. విచారణ, ఆ తర్వాత ఉరికంబం.

స్క్రిప్టు చదివిన రోజునుంచి నన్నొకటే ప్రశ్న తొలిచేసింది. ఆ పిల్లలకి నిజంగా ఏదైనా కనిపించిందా, లేక అంతా నటనేనా? కండువా టీచర్‌ని అడిగితే "నువ్వేమనుకుంటున్నావు?" అని ఎదురడిగింది (ఇక్కడి టీచర్లకిది అలవాటు. మనకి తెలిస్తే వాళ్ళనెందుకు అడుగుతాం?). నాన్న ఏదో వీడియో చూసొచ్చి "బూజు పట్టిన రొట్టెలు తిని భ్రమలు కన్నార్టమ్మా" అని తేల్చేశారు. అమ్మ లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా "ముందు నీ హోంవర్క్ సంగతి చూడు" అంది. అమ్మ అసలే మాటలు తక్కువ మనిషి. ఆఫీస్ కాల్స్‌లో గంటలు గంటలు మ్యూట్‌లో కూర్చుని, చివర్లో "నథింగ్ ఫ్రమ్ మై సైడ్" అని ముగించేది.

చెట్టు వేషం రాలేదు. కేకలు పెట్టే పిల్లల్లో ఒకర్తెగా వేశారు. కోర్టు సీన్‌లో, మంత్రగత్తె అని నింద పడ్డ ముసలావిడ కప్పుకున్న శాలువా వైపు వేలు చూపించి, అందరికంటే ముందు నేను కేక పెట్టాలి. అది విని మిగతావాళ్ళు అందుకోవాలి. మొదటి రిహార్సల్‌లో ఊపిరంతా బిగబట్టి నోరు తెరిచాను. కుక్కర్ విజిల్ వేయబోయి మానుకున్నట్టు చిన్న బుస వచ్చింది. ఎవరూ నవ్వలేదు. "గుడ్ స్టార్ట్" అంది టీచర్. అందుకే మరీ సిగ్గేసింది.

నా పక్కన వేషం వేసే పిల్ల ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి. గొంతు మూడు వీధులకి వినిపించేది కాబట్టి గంట అనేవాళ్ళం. నాకు కోచింగ్ ఇచ్చే బాధ్యత అదే తీసుకుంది. "నువ్వు ఫస్ట్ థింక్ చేస్తున్నావ్. థింక్ చేయకు. జస్ట్ అరువ్!" అని మా గరాజ్‌లో శాంపిల్‌గా ఒకటి వదిలింది. పక్కింటాయన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి "ఎవ్రీథింగ్ ఓకే?" అన్నాడు. గంట నవ్వుతూ, "షీ ఈజ్ లెర్నింగ్" అని నన్ను చూపించింది. నేనేమో ఆయనకి సారీ చెప్పడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు.

నాటకం రోజు రానే వచ్చింది. బూడిదరంగు గౌను, నెత్తిమీద బోర్లించిన గిన్నెలాంటి తెల్ల టోపీ. అమ్మానాన్న, గంట వాళ్ళ మమ్మీ డాడీ మూడో వరసలో కూర్చున్నారు. కోర్టు సీన్ వచ్చింది. జడ్జి అడిగాడు. నేను లేచి శాలువా వైపు వేలు చూపించాను. నోరు తెరిచాను. ఈసారి ఆ బుస కూడా రాలేదు. హాలంతా నిశ్శబ్దం. గంట కళ్ళతోనే బతిమాలుతోంది. జడ్జి వేషం కుర్రాడు చెమటలు తుడుచుకుంటున్నాడు.

అప్పుడు చీకట్లోంచి వచ్చింది, పైకప్పు ఎగిరిపోయే గొంతు.

"ఒసేయ్! అరవ్వే! నోరు తెరిచి నిలబడ్డావేంటే, అరవ్వేఁ!"

అమ్మ! మ్యూట్‌లో బతికే మా అమ్మ, కుర్చీలోంచి లేచి నిలబడి! ఆ గొంతు వినగానే నేను నిజంగానే హడలిపోయి కెవ్వుమన్నాను. నా కేక విని గంట, గంటని విని మిగతావాళ్ళు, వాళ్ళని విని వెనక వరసలో ఎవరి చంటిపిల్లో. స్టేజీ మీద మా అరుపులు ఎక్కడ ఆగాయో, హాల్లోవాళ్ళవి ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. గంట వాళ్ళ మమ్మీ మాత్రం ఆ ఘోరమైన సీన్ మధ్యలో కర్చీఫ్ నోట్లో కుక్కుకుని పొట్ట పట్టుకుని నవ్వుతోంది. తెలుగు అర్థమైన పాపం.

నాటకం అయ్యాక ఒక తెల్లజుట్టు పెద్దావిడ అమ్మ చేతులు రెండూ పట్టేసుకుంది. సైతాను గొంతు అద్భుతమట, ఒళ్ళు గగుర్పొడిచిందట. "ఆ భాష మీరే కల్పించారా?" అని అడిగింది. అమ్మ తడబడి "యెస్, థాంక్యూ" అంది. కండువా టీచర్ రేపు కూడా వచ్చి అలాగే అరవమని బతిమాలితే, "సారీ, టుమారో ఐ హావ్ రిలీజ్" అని ఆఫీసు పని అడ్డం పెట్టి కారెక్కేసింది.

కారు స్కూలు గేటు దాటింది.

"అమ్మా, అంత గొంతు ఎక్కడిదే నీకు?" అన్నాను.

"ఏమో, నాకూ తెలీదు," అంది. "మా మేనత్త ఒకావిడ ఉండేది. ఇంట్లో పల్లెత్తు మాట అనేది కాదు. జాతరలో పూనకం వస్తే మాత్రం మామగారిని కూడా ఒరేయ్ అనేది. ఆయన చేతులు కట్టుకుని, చెప్పు తల్లీ అనేవాడు."

"అది నిజం పూనకమేనా మరి?"

"నేనూ అడిగానే చిన్నప్పుడు. 'నిజమో కాదో తర్వాత, ఆ పూట అందరూ నా మాట విన్నారు కదే' అంది."

"మరి ఆవిడ ఎవరినైనా చూపించి, దీన్ని కొట్టండి అని ఉంటే?"

నాన్న ఎందుకో బ్లింకర్ వేసి, తిరగకుండా నేరుగా పోనిచ్చారు.

మర్నాటికి నా గొంతు పూర్తిగా పోయింది. రెండో ఆటలో వేలు చూపించి నోరు తెరిచి ఊరుకున్నాను. కేక కంటే ఆ మౌనమే భయపెట్టిందని కండువా టీచర్ కళ్ళు తుడుచుకుంది (ఈ ముక్క ముందే చెప్పి ఉంటే అమ్మకి ఆ శ్రమ తప్పేది!). సోమవారం స్కూల్లో అందరూ నా చుట్టూ చేరారు. నేను గుసగుసగా ఏదో అంటే, "వాట్? వాట్?" అంటూ చెవులు నా నోటి దగ్గరికి వంచారు. ఈ దేశంలో అంతమంది నా మాట కోసం వంగడం అదే మొదలు. ఆ హోదా ఎక్కడ పోతుందోనని, గొంతు బాగుపడ్డాక కూడా ఇంకో వారం బొంగురుగానే మాట్లాడాను. మెడకో కండువా కూడా చుట్టుకుని, ప్రపంచం తన మాట కోసమే ఆగిందనుకుంటూ కారిడార్‌లో నడిచిన ఆ పిచ్చిపిల్ల ఇప్పుడు ఎదురుపడితే, ఏమీ చెప్పను. కాస్త వంగి, "ఏంటమ్మా, ఏమంటున్నావు?" అని అడుగుతానంతే.