నెత్తిన పెట్టుకున్న కుట్టుమిషన్

మా బావ వాచీలు బాగుచేస్తాడు. అదీ ఎక్కడ? ఒడ్డుకు కట్టేసిన పడవింట్లో! చీమ తలకాయంత స్క్రూలతో బతికేవాడు నీళ్ల మీద కాపురం పెట్టడమేమిటని నేను చాలాసార్లు నవ్వాను. పడవ ఊగినప్పుడల్లా ఆయన "దొర్లింది, చూడవే" అనేవాడు. మా అక్క కుట్టు ఆపి, తిట్టుకుంటూనే ఏరి ఇచ్చేది.

అక్క పోయాక ఆయనకు మాటలు కరువయ్యాయి. కుట్టుమిషన్, ఇస్త్రీపెట్టె, బట్టల ట్రంకులు కళ్లెదుట ఉంటే తట్టుకోలేక, అన్నీ పైకప్పు మీదికి ఎక్కించి టార్పాలిన్ కప్పేశాడు. పడవలు కట్టే వడ్రంగిని నేనొకణ్ణి ఉన్నానుగా, నన్ను అడిగి చేస్తే కదా!

ఓ సాయంత్రం వెళ్లాను. చాలా రోజులకు ఆయన ముఖంలో కాస్త సంబరం కనిపించింది.

"ఒరేయ్, పడవ ఇప్పుడెంత నెమ్మదిగా ఊగుతోందో చూడు. ఒక్క స్క్రూ కదలట్లేదు. నిండుకుండ తొణకదంటే ఇదే!"

అంతలో పక్కనుంచి లాంచీ పోయింది. అల తగిలి పడవ తీరిగ్గా ఒక పక్కకు ఒరిగి, లేవడానికి బద్ధకిస్తూ కాసేపు అలాగే ఉండిపోయింది. నా చూపు పైకప్పు మీదికి పోయింది. బరువు అడుగున ఉన్న పడవ చటుక్కున లేచి నిలబడుతుంది. పైన బరువున్నదే ఇలా జోకొడుతుంది, గట్టి గాలి వచ్చిన రోజున తిరగబడుతుంది.

"నిండుకుండే బావా, కానీ నెత్తిన పెట్టుకున్నావు. మునిగిపోతావు. అవన్నీ ఇవాళే దించాలి."

"అవి నా కంటపడకూడదురా."

"అయితే నీళ్లలో పారేద్దామా?" కోపంలో అనేశాను. ఆయన ముఖం చూశాక నాలుక కోసుకోవాలనిపించింది.

"నేల పలకల కింద పెడతాను బావా. నీకు కనబడవు, పడవా నిలుస్తుంది."

బావ తల ఊపాడు. ఇద్దరం కలిసి దించాం. పలకలెత్తి, అన్నిటినీ పడవ అడుగున నడిమధ్య సర్ది, కదలకుండా తాళ్లతో బిగించి మూసేశాను. బావ బల్ల దగ్గర కూర్చుని భూతద్దం కంటికి పెట్టుకున్నాడు.

మరో లాంచీ పోయింది. పడవ ఒరిగిందో లేదో ఒక్క కుదుపుతో లేచింది. బల్ల మీది స్క్రూ కింద పడింది.

"దొర్లింది, చూడవే" అన్నాడు బావ, తలెత్తకుండానే.

ఎవరూ పలకలేదు. అక్క పోయాక నాకు నిజంగా ఏడుపొచ్చింది అప్పుడే. కాసేపటికి ఆయన లేచి, మోకాళ్ల మీద వంగి, పలకల మీద చేత్తో తడుముతూ వెతికాడు. స్క్రూ దొరికాక కూడా ఆ చెయ్యి అక్కణ్ణుంచి తియ్యలేదు.