చెయ్యెత్తిన అమ్మ

చైర్మన్‌ను దింపే ఓటు కోసం క్యాంపు నుంచి మమ్మల్ని, అంటే కౌన్సిలర్లను, బస్సులో తెస్తూ మంత్రాలయం ప్రసాదం మీద ప్రమాణం చేయించారు. ఆ యాలకుల వాసనకు అమ్మ గుర్తొచ్చింది.

అప్పట్లో మా వార్డుకు అమ్మే కౌన్సిలర్. మగ్గం దిగి ఇలాంటి బస్సే ఎక్కింది. ఓటు రోజు మున్సిపల్ ఆఫీసు కిటికీలోంచి చూశాను. అమ్మ చెయ్యెత్తింది. బడిలో ఏదైనా అడగాలంటే మేమూ అలాగే ఎత్తేవాళ్లం. మా వీధి కొళాయి గురించి అడుగుతోందనుకున్నాను.

అమ్మ బయటికి రాగానే పరుగెత్తాను. ఆమె చేతికి ఇదే యాలకుల వాసన. "ఏమన్యారమ్మా? నీళ్లెప్పుడొస్తాయంట?"

"నన్నెవురూ ఏం అడగల్యా పాపా. చేతులు లెక్కబెట్టుకున్యారు, అంతే."

కొత్త చైర్మన్ వచ్చాడు. మా వీధికి మాత్రం ట్యాంకరే వచ్చేది.

ఈరోజు నేనూ చెయ్యెత్తాను. లెక్కబెట్టుకుని దించమన్నారు. ఇంటికొచ్చేసరికి మా పాప బిందెతో ట్యాంకర్ కోసం వీధిలో నిలబడి ఉంది. నన్ను చూసింది. ఏమీ అడగలేదు.