కంచె బయటి మోరి

తనిఖీకి వచ్చే సర్కారు దొర గుర్రం కొండ లోయలోకి దిగిన ప్రతిసారీ గాసి మోరి అనే సన్నాయి ఊదుతూ దాని ముందు నడవాలి. రెండు కోసుల దూరం. ఊపిరాడకపోయినా పీక నుంచి పాట ఆగకూడదు. తీరా బడి దగ్గర దొర గుర్రం దిగగానే, ఆ కొండల్లో పన్ను వసూలు చేసే ముఠాదారు మనిషి మోచేత్తో ఒక్క తోపు తోసి, "కంచె అవతలికి పోరా!" అనేవాడు. ఈ వెట్టికి కూలి లేదు, కూడు లేదు. పన్నెండేళ్లు గాసి అలాగే ఊదాడు. మోరి పాట దొరకి ఇంపు, మోరి పట్టిన చెయ్యి బడికి మైల! కొండ రైతులు మాత్రం తక్కువ తిన్నారా? పెళ్ళికీ చావుకీ వాడి కులాన్ని పిలిచి వాయించుకుని, గుమ్మం మాత్రం ఎక్కనివ్వలేదు.

ఇది 1927 నాటి సంగతి. బడి అంటే మట్టిగోడల మీద గడ్డి కప్పిన ఒక గది. భీమిలి వైపు నుంచి వచ్చిన యేసుపాదం మేష్టరు ఒక్కడే పంతులు. పిల్లలకి ఇంట్లో ఒక మాట, సంతలో ఒక మాట, బడిలో వాళ్ళెవరికీ రాని తెలుగు. రిజిస్టరులో ముప్పైమంది ఉంటే గదిలో ఏడుగురు. మేష్టరు బెత్తం తీశాక ఆ ఏడుగురు నలుగురయ్యారు.

ఒక వానరోజు గాసి కంచె పక్కన చెట్టు కింద నిలబడి, తడిసిన మోరిని ఊది చూసుకుంటున్నాడు. అలవాటుగా థింసా ఆటకి ఊదే పాట వచ్చింది. లోపల మూడో ఎక్కం నడుస్తోంది. నెలరోజులుగా నోరు విప్పని మంగ్లి అనే పిల్ల కాలు కదిపింది. అడుగుతో పాటే "మూడొకట్ల మూడు" అంది. "మూడురెళ్ళ ఆరు" అంది. ఆపకుండా ముప్పై దాకా వెళ్ళింది.

మేష్టరు పరుగున కంచె దగ్గరకి వచ్చాడు.

"ఏటి గాసీ, లోపలికొచ్చి ఊదుతావేటి?"

"నానా? మైలంతారు బాబూ."

"నా గదిలో ఎవులంతారు? బేగి రా."

గాసి కదల్లేదు. "దొరలకైతే తంతారని ఊదుతాను. మనసుతో ఊదాలంటే మోరి ముందు గుప్పెడు సోళ్ళు పోసి పిలవాల. మా తాతల కాడ్నుంచీ అదే."

"నా కుండలో ఉన్నవీ అవేలే, వరి మెతుకు చూసి ఎన్నాళ్ళైందో!" అని నవ్వి, మేష్టరు ఆ రాగులే గుప్పెడు తెచ్చి పోశాడు. పక్కన చాప కూడా పరిచాడు.

నలభై ఏళ్ళ వయసులో గాసి మొదటిసారి ఒక గది లోపల చాప మీద కూర్చున్నాడు. రోజూ సోళ్ళు పోయడం, పిలవడం, ఊదడం. పిల్లలు చేతులు పెనవేసుకుని వరసగా అడుగులేస్తూ గుణింతాలు చెప్పేవారు. నాలుగు నెలల్లో గదిలో ఇరవైయారుమంది. బెత్తం చూరులో దూరి అక్కడే ఉండిపోయింది.

ఫాల్గుణంలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. మేష్టరు గాసి చాప దగ్గరకి వచ్చాడు.

"గాసీ, ఈ ఒక్క పూటా అవతల కూకో. ఆయన ఎళ్ళాక మళ్ళీ నీ సాప నీదే."

గాసి లేచి తన చాప తనే చుట్టి మూలన పెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చిన పొద్దుట కూడా ఆయన గుర్రం ముందు ఊదుతూ నడిచాడు, కంచె అవతలికి తోయించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు మూడో ఎక్కం అడిగాడు. ఇరవైయారు నోళ్ళూ మూతపడ్డాయి. పాట లేనిదే వాళ్ళకి ఎక్కం రాదు. మేష్టరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఊదు గాసీ, నీ కాళ్ళు మొక్కుతాను!" అన్నాడు. మోరి చేతిలోనే ఉంది. ముందు సోళ్ళు లేవు. గాసి ఊదలేదు.

మంగ్లి గది దాటి పరుగెత్తింది. మేష్టరి కుండలోంచి గుప్పెడు తెచ్చి కంచె కింద నుంచి చెయ్యి జాపి పోసింది. "ఊదు మామా!"

గాసి ఊదాడు. మూడో ఎక్కం, నాలుగో ఎక్కం, అయిదో ఎక్కం తప్పు లేకుండా పలికాయి.

"ఇది బడా, జాతరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎక్కాలు నోటితో చెప్పాలి, కాళ్ళతో కాదు." మేష్టరిని బదిలీ చెయ్యమని, వాద్యగాణ్ణి బడి ఛాయలకి రానివ్వద్దని రాశాడు. ఆ సాయంత్రం విడిదిలో కాళ్ళు చాపుకుని అదే మనిషి, "ఆ మోరివాణ్ణి పిలవండి, కాస్త విందాం" అన్నాడు! సిగ్గు అనే మాట ఆయన సిలబసులో లేదు కాబోలు.

గాసి వచ్చాడు. మోరి పైకెత్తలేదు. "సోళ్ళు పొయ్యమను" అన్నాడు.

ముఠాదారు మనుషులు వీపు చిట్లేదాకా కొట్టారు. అతను ఊదలేదు. ఆ తర్వాత ఏ దొర గుర్రం ముందూ ఊదలేదు. కొత్త పంతులు బెత్తంతో వచ్చాడు. వానలు పడేసరికి పిల్లలు మానేశారు, గదిలో మేకలున్నాయి. "ముందే ఊదుంటే పిల్లగుంటలకి బడి మిగిలేదేమో" అని గాసి ముసలితనంలో తనని తనే తిట్టుకునేవాడు. తిట్టవలసింది అతన్నా?

ఇవాళ గుర్రాల్లేవు. కంచె ఉంది. టైం టేబులులో సంగీతం అని రాసి, ఆ గంటలో లెక్కలు చెప్పించే బడులు ఎన్ని లేవు? జెండా పండగకి గేటు దగ్గర డప్పు కొట్టించుకుని, మిఠాయి పొట్లం చేతిలో పెట్టి పంపేసే హెడ్మాస్టర్లు ఎంతమంది లేరు?

రేపు పొద్దున్నే మీ పిల్లల బడికి వెళ్ళండి. సంగీతం గంట ఎప్పుడో, చెప్పేదెవరో అడగండి. నీళ్ళు నమిలితే పదిమంది తల్లిదండ్రులు కలిసి కాగితం మీద రాసి సంతకాలు పెట్టి ఇవ్వండి. మీ ఊళ్ళో వాయించే మనిషి ఇంటికి మీరే నడిచి వెళ్ళండి. బడిలో కుర్చీ వేయించండి. పేరు పెట్టి లోపలికి పిలవండి.