తెర మీది బట్టీ

కృపారాణి రోజూ వికారాబాద్‌లో బస్సెక్కి తాండూరు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీకి వస్తుంది. దానికి నకలుగా ఆమె తయారుచేసిన రెండో ఫ్యాక్టరీ, కంట్రోల్ రూములో కంప్యూటర్ తెర మీద ఉంటుంది. బయట సున్నపురాయి కాల్చే బట్టీ ఎట్లా తిరిగితే తెర మీది బట్టీ అట్లా తిరుగుతుంది. వేడిగా ఉన్నంతసేపూ ఎర్రగా ఉండి, చల్లారితే నీలమవుతుంది. రాగానే చున్నీ అంచుతో తెర తుడుస్తుంది. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు దాన్ని ఒకసారి తాకుతుంది. టిఫిన్ డబ్బా తెరిచినా చూపు దాని మీదే. బట్టీ దగ్గర పనిచేసే బీరప్ప దాన్ని ఆటబొమ్మంటాడు. ఆమె నవ్వుతుంది.

ఆయుధపూజ నాడు తెర మీది బట్టీ నడుమ హఠాత్తుగా నీలం మచ్చ పడింది. పక్కవాళ్లు బట్టీ ఆపేద్దామన్నారు. ఆపితే మళ్లీ రాజెయ్యడానికి రోజులు పడతాయి. చుట్టూ ఎర్రగా ఉంటే ఒక్కచోటే ఎట్లా చల్లారుతుందని కృపారాణి బీరప్పకు ఫోన్ చేసింది.

"కాకా, బట్టీ వేడి చూసే కెమెరా ముంగట ఏమన్న పెట్టినవా?"

"బంతిపూల దండ ఏసిన బిడ్డా. అన్ని మిషన్లకు ఏసి దాన్నొక్కదాన్ని ఇడ్సిపెడ్తె ఎట్ల?"

"మంచిగనే ఏసినవ్. జర పక్కకు జరుపు."

మచ్చ పోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అంతలో మచ్చ మళ్లీ వచ్చి, ఈసారి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.

"గిప్పుడు కనవడుతున్ననా బిడ్డా?" ఫోన్‌లో బీరప్ప గొంతు.

కృపారాణి తెరకేసి చెయ్యి ఊపింది.