నిషానీ చెప్పినవాళ్లకే పిల్ల

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాక మా తరగతి సగటు మార్కులు పెరిగాయట. ఆ మాట లెక్కల సారు మా బాపును బజారులో ఆపి మరీ చెప్పాడు. లెక్కల్లో నేను ఎవరికైనా మేలు చేశానంటే అదొక్కటే. అలాంటివాడి చేతికి ఇప్పుడు సంగీత్‌లకూ బర్త్‌డేలకూ మైకిచ్చి 'యాంకర్ గారూ' అంటున్నారు. మైకు అందుకోగానే నాకు ముందు వాసన వస్తుంది. దాని మూతికి తొడిగిన స్పాంజికి నాకంటే ముందు మాట్లాడినవాళ్ల నోళ్లన్నీ అంటుకుని ఉంటాయి. సోంపు, జర్దా, మధ్యాహ్నం తిన్న బగారా అన్నం. మొన్న మొఘల్‌పురా వైపు ఒక ఫంక్షన్ హాల్లో స్పాంజి చిరిగిపోయిందని పాత ఇనుప మైకు ఒకటి తెచ్చిచ్చారు. నోటి దగ్గర పెట్టుకుంటే తుప్పు వాసన, కిరసనాయిలు వాసన. ఆ రెండూ మైకులో ఉన్నవే. ఎండుగడ్డి వాసన మాత్రం నా ముక్కు సొంతంగా కలుపుకుంది. ఆ మూడూ కలిస్తే సత్తెక్క.

సత్తెక్కది గౌలిపుర. అత్తగారి తరం దాకా పాల వ్యాపారం. సందులు ఇరుకై, గడ్డి ధర పెరిగి, బర్రెలు ఒక్కొక్కటే వెళ్లిపోయాక ఆమె మైకుసెట్టు పెట్టింది. కొట్టం మాత్రం అలాగే ఉంచింది. బర్రెల తాళ్లు కట్టిన గూటాలకు వైర్ల చుట్టలు, గడ్డి వేసిన గాడిలో ఆంప్లిఫయర్లు, గోడకు వరసగా, తుప్పు పోవడానికి కిరసనాయిలుతో తుడిచిన ఇనుప మైకు హారన్లు. కొత్తగా వచ్చినవాళ్లకు అవి గోడలోంచి తలలు బయటపెట్టిన పశువుల్లా కనిపించేవి. బర్రెలకు ఉన్న పేర్లనే ఆమె హారన్లకు పెట్టుకుంది. 'గౌరిని గుడి ముంగట కట్టు, లచ్చిమి గొంతు పోయింది, దాన్ని దించు' అంటే ఏది దించాలో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నేను ఆమెకు దొరికింది బోనాల జాతరలో. అప్పటికి నాకు పెళ్లయింది గాని పని కుదరలేదు. కొన్నాళ్లు గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలమూటలు మోశాను. ఆ ఏడు గుడి సందులో మాస్కులు, ఈలలు అమ్ముతున్నాను. మైకులో ఏ ప్రకటన వచ్చినా దానికి నేనొక తోక తగిలించేవాణ్ని. భక్తులు చెప్పులు జాగ్రత్తగా పెట్టుకోవాలని మైకు చెబితే, 'పోయినోళ్లు నా తాన ఈల కొని ఊదుకోవాలె' అని నేను. జనం నవ్వుతూ నావైపు తిరిగేవారు. కాసేపటికి మైకు ఆగిపోయింది. ఒకామె వచ్చి నా బండి ముందు నిలబడ్డది. నల్ల టేపు చుట్టలు మోచేతి దాకా గాజుల్లా వేసుకుని ఉంది.

"నువ్వేనా ఒర్లేది?"

"ఒర్లుతలేనక్కా, గిరాకీని పిలుస్తున్న."

"నా హారన్లన్నిటిని దాటి నీ గొంతే ఇనబడుతున్నది. జీతమిచ్చి పెట్టుకుంట. లేకుంటే నోటికి ఈ టేపు ఏస్త. ఏది కావాలె?"

"జీతం ఎంతిస్తవు?"

"టేపు ఖర్సు కంటె జర ఎక్కువనే."

ఆ ఉద్యోగానికి నా ఇంటర్వ్యూ అంతే.

ఆమె మైకును 'హలో, హలో' అని పరీక్షించేది కాదు. సందు చివర మక్కకంకులు కాల్చే బాలమ్మ అనే ముసలామె ఉండేది. సత్తెక్క మైకు పట్టుకుని, పక్కింటావిడతో మాట్లాడినంత మెల్లగా, 'బాలమ్మా, కంకి మాడుతున్నది' అనేది. అంత దూరాన బాలమ్మ ఉలిక్కిపడి పొయ్యి వైపు చూస్తే సౌండు సరిగ్గా ఉన్నట్టు. బాలమ్మ ఏటా చూసేది, ఏటా తిట్టేది. మొదటిసారి మైకు నా చేతికి వచ్చిన రోజు నేను అలవాటు కొద్దీ గొంతు చించుకున్నాను. ముందున్నవాళ్లు పగలబడి నవ్వారు. నేను గర్వంగా సత్తెక్క వైపు చూశాను.

"ముంగట ఉన్నోళ్లు నీ మొఖం జూసి నవ్వుతుండ్రు," అన్నది. "అట్లున్నది నీ మొఖం. బాలమ్మకు గక్కడికెళ్లి నీ మొఖం కనబడదు. ఆమె నవ్విందా జెప్పు."

బాలమ్మ నవ్వలేదు. కంకి తిప్పుతోంది.

జాతరలో మా అసలు పని పాటలు కాదు, తప్పిపోయిన పిల్లలు. పోతురాజు కొరడా ఝళిపిస్తూ వస్తాడు, మర్ఫా డప్పు మొదలవుతుంది, అమ్మవారి ఫలహారం బండి దీపాలు కనబడతాయి, తల్లి చెయ్యి వదిలేసి పిల్లవాడు అటు పోతాడు. ఫోన్లున్న కాలమే, కాని సత్తెక్క లెక్క వేరు. "ఫోను తండ్రి తాన ఉంటది, నంబరు తల్లికి ఎరుకుంటది, పిల్ల మన తాన ఉంటది. ముగ్గురు కలవాలంటే మైకే." మొఘల్‌పురా నుంచి వచ్చి జాతర మూలన చాయ్ పెట్టే ఖాజా భాయ్ తప్పిపోయిన పిల్లలందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంపేవాడు. "ఆజ్ కిత్నే, సత్తెక్కా?" అని అడిగేవాడు. "ముగ్గురు. ఒకడు నిరుడొచ్చినోడే" అని ఆమె చెబితే, "ఉస్కో దో దేవ్, పురానా గిరాక్ హై" అనేవాడు, పాత గిరాకీ కదా, వాడికి రెండివ్వమని. బిస్కెట్ల కోసం ఏటా తప్పిపోయేవాడు నిజంగానే ఒకడుండేవాడు.

పిల్లవాడు తప్పిపోయాడని మైకులో చెప్తే ఆ మాట విని వాడు ఇంకా ఏడుస్తాడు. అందుకని నేను తిప్పి చెప్పేవాణ్ని. "ఒక నాన్న తప్పిపోయిండు. ఆయన కొడుకు మా తాన కూసోని ఓపికగా ఎదురు జూస్తుండు. నాన్న భయపడకుండ రావాలె." పిల్లలు ఏడుపు ఆపి నా వైపు చూసేవారు. సత్తెక్క నవ్వలేదు గాని, ఆపమనీ అనలేదు. ఒక్క విషయంలో మాత్రం నన్ను కదలనిచ్చేది కాదు. పిల్ల బట్టల రంగు, పేరు, ఏ గుర్తూ మైకులో చెప్పకూడదు. పిల్లను స్టేజీ వెనక తెర చాటున కూర్చోబెట్టాలి. వచ్చినవాళ్లే నిషానీ, అంటే పిల్ల గుర్తులు, చెప్పాలి, చెప్పినవాళ్లకే పిల్ల.

"రంగు జెప్తె తల్లి ఉరికొస్తది గదక్కా," అన్నాను ఒకసారి.

"తల్లే ఉరికొస్తదని ఎవరన్న రాసిచ్చిండ్రా? రంగు మనమే జెప్తె ఇగ వచ్చినోళ్లు ఏం జెప్పాలె?"

ఒక ఏడు మధ్యాహ్నం, రద్దీ బాగా పెరిగిన వేళ, ఎవరో మూడేళ్ల పిల్లను తెచ్చి అప్పగించి పోయారు. ఏడవలేదు, పేరు చెప్పలేదు. ఖాజా భాయ్ బిస్కెట్లు రెండు చేతులా పట్టుకుని తెర వెనక కూర్చుంది. నేను మైకులో పిలిచాను. కాసేపటికి ఒకాయన చెమటలు కక్కుతూ వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో కమిటీవాళ్లు వేసిన కండువా. ఆయన వెనకే కమిటీ పెద్ద నర్సింగన్న. ఫలహారం బండికి చందా ఇచ్చిన పెద్దింటివాళ్ల అల్లుడట, కరీంనగర్ నుంచి బోనాలకు అత్తగారింటికి వచ్చాడట.

"నా బిడ్డ ఉన్నదట గద, ఇయ్యిండ్రి," అన్నాడు.

"ఏ రంగు బట్టలేసింది?" సత్తెక్క అడిగింది.

ఆయన నోరు తెరిచి, ఆగి, "పచ్చయి" అన్నాడు. తెర వెనక ఉన్న పిల్లది ఊదారంగు లంగా. ఆయనే మళ్లీ "కాదు, ఎర్రయి" అన్నాడు. చేతికి ఏముంది, కాళ్లకు ఏముంది, జడకు ఏముంది అని అడిగింది. ఆయన జేబులు తడుముకున్నాడు. పొద్దున ఇంట్లో తీసిన ఫోటోలన్నీ భార్య ఫోన్లో ఉన్నాయి. ఆ ఫోను ఆయన జేబులోనే ఉంది, దాని లాకు ఆయనకు తెలియదు. భార్య నెత్తిన బోనంతో గుడి లైనులో ఉంది. అమ్మవారి ముందు దించేదాకా ఆమె అడుగు పక్కకు వెయ్యదు. అత్తామామలూ ఆమెతోనే ఉన్నారు. పిల్లను చూసుకొమ్మని ఈయనకు అప్పగించి వెళ్లారు. తన ఫోన్లో వెతికి ఒక ఫోటో చూపించాడు. పుట్టువెంట్రుకలు తీయించిన రోజుది.

"గుండు పిల్లలందరు ఒక్క తీర్గనే ఉంటరు," అన్నది సత్తెక్క.

చుట్టూ జనం చేరారు. నేను మైకు అందుకుని, "ఇంక నాలుగైదు రంగులే మిగిలినయి సారూ, జర సోంచాయించుండ్రి" అన్నాను. జనం గొల్లుమన్నారు. సత్తెక్క నా వైపు చూడకుండానే మైకు మీద అరచెయ్యి పెట్టింది. "ఇప్పుడు గాదు," అన్నది. ఆయన ముఖం అప్పుడు చూశాను. నవ్వినవాళ్లెవరూ ఆయనకు కనబడటం లేదు.

'చిన్నూ' అని ఆయన తెర వైపు పిలిచాడు. సత్తెక్క తెర సందులోంచి చూసింది. పిల్ల ఆ పిలుపు విన్నది. బిస్కెట్ కొరికి, ముఖం అటు తిప్పుకుంది. దాంతో సత్తెక్క అనుమానం ఇంకా గట్టిపడింది.

"సత్తెక్కా, పెద్దమనిషి. నాకు ఎరుకైనాయన. ఇచ్చెయ్యి," అన్నాడు నర్సింగన్న.

"మనిషి నీకు ఎరుకే. పిల్ల ఎరుకనా?"

"పిల్లను నేనెప్పుడు జూసిన?"

"మరి?"

నర్సింగన్న చుట్టూ జనాన్ని చూశాడు, గొంతు తగ్గించాడు. "వచ్చే ఏడు మైకు ఎవరికియ్యాలెనో కమిటీ సూస్తది. డీజేవాళ్లు తిరుగుతుండ్రు."

"సూడుండ్రి. ఈ ఏడు నా చేతుల ఉన్నది."

ఆ జాతర ఆమెకు ఏడాది మొత్తానికి పెద్ద పని. అది నర్సింగన్నకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆయన కండువా సర్దుకుని పక్కకు జరిగాడు. అల్లుడు మాత్రం స్టేజీ అంచున కూలబడ్డాడు, నా కాళ్ల దగ్గరే. సత్తెక్క మైకు మీద చెయ్యి తీసేసి చాలా సేపయింది. నా చేతిలోని ఆ మైకు ఆయన తలకు జానెడు ఎత్తులో ఉంది.

"బట్టలు నేను సూడలే," అన్నాడు, ఎవరితోనూ కాదు. "పొద్దున వాళ్లమ్మ తయారు జేసింది. నేను ఫోన్ల ఉన్న. పోతురాజును జూస్త, ఎత్తుకో అని బిడ్డ అన్నది. ఆగు అన్న." చెయ్యి చెవి మీదికి పోయింది. "నిద్రొస్తే నా చెవి పట్టుకుంటది. కుడి చెవి. ఎడమ చెవి ఇస్తే ఊకోదు. గదే నాకు ఎరుక."

ఆయన ఎంత మెల్లగా అన్నాడో ఆ మాటలు అంత మెల్లగానే గుడి ముందు గౌరిలో, సందు మొదట్లో లచ్చిమిలో, చివరి కంకుల బండి దాకా వినిపించాయి. రంగులరాట్నం దగ్గర లైనులో ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. బాలమ్మ విసనకర్ర ఆగింది.

సత్తెక్క ఆయన భుజం పట్టుకుని తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టింది. తెర కొంచెం ఎత్తింది. పిల్ల బయటికి వచ్చి ఆ వీపును కాసేపు చూసింది. తర్వాత కుడిచేతిలోని బిస్కెట్‌ను ఎడమచేతిలోకి మార్చుకుని, వెళ్లి ఆయన కుడిచెవి పట్టుకుంది. పట్టుకోవడం కాదు, గట్టిగా మెలిపెట్టింది. ఆయన ఆ చెవిని అలాగే పిల్లకు వదిలేసి కూర్చున్నాడు. జనం నవ్వారు. నా చేతిలో మైకుంది, నోటి నిండా మాటలున్నాయి. ఒక్కటీ అనలేదు.

బోనం దించాక తల్లి వచ్చింది. "మైకుల ఇన్న," అన్నది. "లైన్ల ఉన్నోళ్లంత 'ఎవలాయనో పాపం' అంటుండ్రు. నా మొగడే అని నేను చెప్పలే."

మరుసటి ఏడు పాటలు డీజేవాళ్లకు పోయాయి. తప్పిపోయినవాళ్లు సత్తెక్కకు మిగిలారు. పెద్దింటి ఆడబిడ్డ, ఆ పిల్ల తల్లే, పట్టుబట్టి కమిటీ కాగితంలో ఆ పని విడిగా రాయించిందని విన్నాం. సగం పని పోయినందుకు సత్తెక్క నర్సింగన్నను ఒక్క మాట అనలేదు, ఆయన పలకరిస్తే చాయ్ కూడా పోసింది. ఆ ఏడు జాతర మొదలవ్వకముందే కరీంనగర్ అల్లుడు పిల్లను భుజాన ఎక్కించుకుని మా స్టేజీ దగ్గరికి వచ్చాడు. "ఆకుపచ్చ లంగా, పసుపు జాకీటు, ఎడమ చేతికి నల్లపూసలు," అని అప్పజెప్పాడు. "ముందుగాలనే చెప్తున్న." సత్తెక్క తలూపి, "ఇయ్యాల తప్పిపోదు తియ్యి" అన్నది.

పోయిన చలికాలంలో సత్తెక్క చనిపోయింది. కొట్టం ఉన్న జాగాలో ఇప్పుడు బైకులు పెట్టుకుంటున్నారు. హారన్లు ఎవరు కొన్నారో నేను కనుక్కోలేదు. నా దగ్గర మిగిలినవి రెండు అలవాట్లు. ఏ హాల్లోనైనా మొదటి జోకు ముందువరస కోసం వెయ్యను, చివరన చెయ్యి కడుక్కునే చోట నిలబడ్డ మనిషిని చూసి వేస్తాను. ఇంట్లోంచి బయల్దేరే ముందు మా పిల్ల ఏ బట్టలేసుకుందో ఒకసారి చూసుకుంటాను. ఎందుకట్ల చూస్తున్నవని అది విసుక్కుంటుంది. ఇప్పటిదాకా ఎప్పుడూ తప్పిపోలేదు.

ఆ చెవి సంగతి జరిగిన మరునాడు, ఘటం ఊరేగింపు వెళ్లిపోయాక, మేమిద్దరం కొట్టంలో కూర్చుని వైర్లు చుడుతున్నాం. ఒక చివర నా దగ్గర, ఒక చివర ఆమె దగ్గర. రోజంతా మైకు లేక నాకు నోరు దురదగా ఉంది.

"అక్కా, రేపు నేను తప్పిపోయిననుకో. నా నిషానీ ఏం జెప్తవు?"

సత్తెక్క వైరు మీంచి తల ఎత్తలేదు.

"నువ్వు తప్పిపోవాలంటే ముందుగాల నోరు మూసుకోవాలె. గది నీతోని అయితదా?"