కోటలో ఇన్‌స్పెక్షన్

విన్నిపెగ్‌లో చూడ్డానికి ఏముందండీ అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. బోలెడున్నాయి. కాకపోతే అవన్నీ మొదటిరోజు సాయంత్రానికే అయిపోతాయి. రెండోరోజుకి కోట ఉండనే ఉంది. ఊరికి ఉత్తరంగా అరగంట డ్రైవ్, నది ఒడ్డున, చుట్టూ సున్నపురాయి గోడ. పోయిన శనివారం బ్రాంప్టన్ నుంచి మా ఆవిడ చెల్లెలి కుటుంబం దిగితే వాళ్ళనీ అక్కడికే తీసుకెళ్ళాను. ఎర్రకోటు సిపాయి తుపాకి పేల్చాడు, పిల్లలు చెవులు మూసుకున్నారు, మా తోడల్లుడు "ఇక్కడ వైఫై వస్తుందా బ్రదర్?" అన్నాడు. వాళ్ళని కమ్మరి కొలిమి దగ్గర వదిలేసి నేను మెల్లిగా కెప్టెన్ ఇంటి వెనక వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. కట్టెల పొగ, పొయ్యి పక్కన కాలుతున్న రొట్టె వాసన. ఆ వాసన ముక్కుకి తగలగానే మా అక్కయ్య గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ వెంటనే నా నిర్వాకం గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ కోట సంగతి కాస్త చెప్పాలి. పాడుబడ్డ కోటని బాగుచేసి ఊరికే అద్దాల బీరువాలు పెట్టి వదిలెయ్యలేదు. నూట డెబ్బై ఏళ్ళ కిందటి ఒకే ఒక్క ఏడాదిని తీసుకుని, అప్పటి సిపాయిల్లా, కమ్మరుల్లా, వంటవాళ్ళలా వేషాలు కట్టుకుని మనుషులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులో పనులు చేస్తూ ఉంటారు. నిజంగానే కట్టెలు కొడతారు, నిజంగానే రొట్టె కాలుస్తారు. వేషంలో ఉన్నంతసేపూ వాళ్ళకి ఆ తర్వాతి కాలం తెలియకూడదు. మీరు ఫోను తీస్తే ఆ చేతిలో నల్లపలక ఏమిటండీ అని అడుగుతారు. మా రాష్ట్రం మానిటోబా పేరెత్తితే, అదెక్కడండీ అంటారు, మానిటోబాలోనే నిలబడి. మొదటిసారి విన్నప్పుడు నాకు చిర్రెత్తుకొచ్చింది. పార్కింగ్ ఎక్కడ అని అడిగితే, మీ గుర్రాన్ని బయట కట్టేయండి అన్నాడు మరి గేటు దగ్గర సిపాయి.

కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం మా అమ్మాయి ఆ కోటలో పనిమనిషి. వేషమేలెండి, కానీ వేషమని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా మింగుడుపడేది కాదు. యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు చదువుతోందని నేను అందరికీ చెప్పుకుంటూ ఉంటే, ఏప్రిల్లో ఒకరోజు భోజనాల దగ్గర, తను జనవరిలోనే హిస్టరీకి మారిపోయానని చెప్పింది. పప్పు వడ్డించుకుంటూ చెప్పింది. నేను ముప్పై ఏళ్ళు హైవేస్ డిపార్ట్‌మెంట్‌లో వంతెనలు కట్టినవాణ్ణి. చరిత్రతో ఏం కడతావే అని అరిచాను. అది కూడా నా కూతురే కదా, అదీ అరిచింది. చివరికి మా ఆవిడ మధ్యలో పడి ఒక ఒప్పందం చేయించింది. ఎండాకాలం కోటలో పనిచేస్తుంది. ఆగస్టులో అక్కడ పనితనం పరీక్షిస్తారట. అందులో నెగ్గితే వచ్చే ఏడాదికి పెద్ద పోస్టు ఇస్తారు, నేను నోరు మూసుకోవాలి. ఓడితే మళ్ళీ కంప్యూటర్లు. ఇద్దరం చేతులు కలుపుకున్నాం. అది ఓడాలని నేను రోజూ స్నానం చేసి దేవుడి ముందు నిలబడి మరీ కోరుకున్నాను. తండ్రిని, అంతా దాని మేలుకే అనుకున్నాను.

ఇంతలో జూన్‌లో మా అక్కయ్య దిగింది. రేపల్లె దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. చిన్నప్పుడు నాకు ఎక్కాలు నేర్పింది ఆవిడే, తొడపాశం పెట్టిందీ ఆవిడే. మేనకోడలికి కెనడా గవర్నమెంటు కోటలో ఉద్యోగమని వీధంతా చెప్పి వచ్చింది. కోట చూపించరా అని నా ప్రాణం తీస్తుంటే, ఇవాళా రేపూ అని నెట్టుకొస్తున్నాను. పరీక్ష రోజు పొద్దున మా అమ్మాయి టోస్టు తింటూ ఇంగ్లీషులో నాకు గట్టిగా చెప్పి వెళ్ళింది. పరీక్షించేవాళ్ళు మామూలు విజిటర్‌లా వస్తారట, ఎవరో తమకి తెలియదట, వేషంలోంచి ఒక్కసారి జారినా అంతే సంగతులట. "ఇవాళ మాత్రం అత్తని తీసుకురావద్దు డాడ్. ప్లీజ్." సరేనన్నాను. దాని కారు మలుపు తిరిగిందో లేదో అక్కయ్య గది తలుపు కొట్టి, "చీర మార్చుకో, కోటకి వెళదాం" అన్నాను. ఇప్పుడు చెబుతుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. అక్కయ్య దాన్ని చూడగానే, ఏమే బంగారూ, ఈ అంట్లు తోమడమేమిటే అని తెలుగులో మొదలుపెడుతుంది, అది తడబడుతుంది, పని అయిపోతుంది. నేను వేలు కూడా కదపక్కర్లేదు.

కానీ నా కడుపులో మాట దాగదు. హైవే ఎక్కగానే, "ఇవాళ దానికి ఇన్‌స్పెక్షన్ అక్కయ్యా" అనేశాను. అప్పటిదాకా ఆవాల పసుపుపూల చేలు చూస్తూ కూర్చున్న మనిషి సర్రున నా వైపు తిరిగింది. "ఇన్‌స్పెక్షనా! ముందు చెప్పవేంరా? కారు వెనక్కి తిప్పు" అంది. ఎందుకంటే వినదే. ఇంటికెళ్ళి ముందురోజు చేసిన చేగోడీలు డబ్బాకి ఎత్తింది, ఫ్లాస్కు నిండా కాఫీ పోసింది. "ఖాళీ కడుపుతో ఉన్న ఇన్‌స్పెక్టరు రిమార్కు ఘాటుగా రాస్తాడు. ముప్పైమూడేళ్ళ సర్వీసురా నాది" అని మళ్ళీ కారెక్కింది. ఇక్కడ అలా చెయ్యకూడదు అక్కయ్యా, లంచం అనుకుంటారు అన్నాను. "చేగోడీ లంచమేమిట్రా, నీ మొహం" అంది.

కోటలో అడుగుపెట్టిన పది నిమిషాల్లో అక్కయ్య ఇన్‌స్పెక్టరుని పట్టేసింది. పొడుగ్గా, బట్టతలతో ఒకాయన చిన్న నోట్‌బుక్కు పట్టుకుని ఒంటరిగా తిరుగుతున్నాడు. అందరూ సిపాయిలని చూస్తుంటే ఆయన దూలాలు చూస్తున్నాడు. కిటికీ చెక్క మీద వేలు రాసి ఆ వేలు చూసుకున్నాడు. "చూశావా? వచ్చినవాళ్ళు వస్తువు చూస్తారు. ఇన్‌స్పెక్టరు వస్తువు మీద దుమ్ము చూస్తాడు" అని నా చెవిలో అంటూనే వెళ్ళి ఆయనకి నమస్కారం పెట్టేసింది. కెప్టెన్ గారి ముందుగదిలో తాడు కట్టి ఉంచిన కుర్చీ ఉంది. అక్కయ్య ఆ తాడు కొక్కెం తీసి, ప్లీజ్ బీ సీటెడ్ సర్ అంది. పాపం ఆయన బిత్తరపోయి కూర్చున్నాడు. గుమ్మంలో కాపలా ఉన్న ఎర్రకోటు కుర్రాడికి ముచ్చెమటలు పోశాయి. అది మ్యూజియం వస్తువు, ముట్టుకోకూడదు అని చెప్పడానికి లేదు, వేషంలో ఉన్నాడు. "అమ్మా, కెప్టెన్ గారికి కోపం వస్తుందండీ" అన్నాడు. "కెప్టెన్ గారితో నేను మాట్లాడతాలే" అని అక్కయ్య కాఫీ మూతలో పోసి అందించింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

చేగోడీలు ఆయనకి నచ్చాయి. అక్కయ్య ఆయన్ని చెయ్యి పట్టుకున్నంత పనిచేసి వెనక వంటింట్లోకి నడిపించుకొచ్చింది. అక్కడో పదిమంది విజిటర్లు, పొయ్యి దగ్గర తెల్లటోపీ, గోనెలాంటి గౌనుతో మా అమ్మాయి. ఉన్న ఒక్క బెంచీ మీద పెద్ద ఎండటోపీ పెట్టుకున్న ముసలావిడ కునికిపాట్లు పడుతోంది. అక్కయ్య ఆవిణ్ణి భుజం తట్టి లేపి, కొంచెం జరగండి మేడమ్, ఆఫీసర్ గారు కూర్చోవాలి అని, నష్టపరిహారంగా రెండు చేగోడీలు చేతిలో పెట్టింది. తర్వాత పొయ్యి వైపు తిరిగి, ఇంకెవరికీ అర్థంకాదన్న ధీమాతో గట్టిగా, "ఏమే, ఈయనే! భయపడకుండా గడగడా చెప్పెయ్" అంది.

మా అమ్మాయి మొహం పాలిపోయింది. ముందు అక్కయ్యని చూసింది, తర్వాత వెనక నిలబడ్డ నన్ను చూసింది. నేను ఎందుకొచ్చానో దానికి ఆ ఒక్క చూపులో తెలిసిపోయింది. అయిపోయింది, ఇక జారిపోతుంది అనుకున్నాను. తీరా ఆ క్షణం వచ్చేసరికి నాకు సంతోషం వెయ్యలేదు.

అది గౌనుకి చేతులు తుడుచుకుంది. మోకాళ్ళు వంచి దణ్ణం పెట్టినట్టు చేసి ఇంగ్లీషులో మెల్లిగా అంది: "అమ్మగారి భాష ఈ నది ఒడ్డున నేనెప్పుడూ వినలేదు. చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు. ఏ ఓడలో వచ్చారమ్మా?"

అక్కయ్యకి పట్టింది ఒక్క క్షణమే. ముప్పైమూడేళ్ళు ఇన్‌స్పెక్టర్ల ముందు పిల్లల్ని నిలబెట్టిన మనిషి కదా, పిల్ల ఏం ఆడుతోందో పట్టేసింది. కొంగు సర్దుకుని, తన హెడ్‌మిస్ట్రెస్ ఇంగ్లీషులో, "చాలా పెద్ద ఓడ. భోజనం అస్సలు బాగాలేదు. మధ్యలో ఒక రేవులో తొమ్మిది గంటలు ఊరికే కూర్చోబెట్టారు" అంది. విజిటర్లు ఘొల్లుమన్నారు. అక్కయ్య నవ్వలేదు. "సరే, అమ్మాయ్, నీ రొట్టెలో ఏమేమి వేస్తావు?" అని మొదలుపెట్టింది. పిల్లకి బాగా వచ్చిన ప్రశ్నే అడగడం అక్కయ్య పాత విద్య. పిండి ఎక్కణ్ణుంచి వస్తుంది, చలికాలం ఎలా గడుస్తుంది, ఇంటి కబురు ఎలా తెలుస్తుంది అని వరసగా అడుగుతూనే ఉంది. మా అమ్మాయి పిండి పిసుకుతూ చెబుతూనే ఉంది. ఓడ ఏడాదికొకసారి వస్తుందని, ఉత్తరాలు అందులోనే వస్తాయని చెప్పింది. "మా నాన్న కులాసాగా ఉన్నాడని పోయిన ఓడలో రాశారు. అది రాసి అప్పటికే ఏడాది. ఇవాళ ఎలా ఉన్నాడో నాకు తెలియదు. ఉన్నాడనే అనుకుని రొట్టె చేస్తాను." వేలితో దుమ్ము చూసే ఆయన నోట్‌బుక్కు మూసేశాడు. ఇంట్లో ప్లేటు సింకులో వెయ్యమంటే విసుక్కునే పిల్లేనా ఇది అని నేను కళ్ళప్పగించి చూస్తున్నాను.

అప్పుడది నా వైపు తిరిగింది. "అయ్యగారూ, తమరు ఏం పని మీద వచ్చారు?"

అందరూ నన్ను చూశారు. ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, "మా అమ్మాయి ఈ కోటలో పనిచేస్తోంది. చూద్దామని వచ్చాను" అన్నాను.

"పని బాగా చేస్తుందాండీ?"

"నాకు తెలియదమ్మా. ఇవాళే మొదటిసారి చూస్తున్నాను."

దాని చేతులు పిండిలోనే ఉన్నాయి, మాట జారలేదు. "అయితే రొట్టె కాలేదాకా ఉండండి" అంది. ఉన్నాను. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, కాళ్ళు లాగుతున్నా, ఉన్నాను. ఏడవలేదని చెప్పను, పొగ అని మాత్రం పక్కావిడతో చెప్పాను.

రొట్టె పంచాక బయటి పచ్చికలో సంగతి తేలింది. నోట్‌బుక్కు ఆయన రెజైనా నుంచి సెలవులకొచ్చిన వడ్రంగి. పాత దూలాల అతుకులంటే ఆయనకి పిచ్చి. ఇక్కడ విజిటర్లకి ఇంత మర్యాద చేస్తారని తెలియదని, వచ్చే ఏడాది భార్యని కూడా తీసుకొస్తానని అక్కయ్యకి మాటిచ్చి మిగిలిన చేగోడీల డబ్బాతో సహా వెళ్ళిపోయాడు. అసలు పరీక్షాధికారి కునికిపాట్ల ముసలావిడ. ఎండటోపీ తీసి, మా అమ్మాయితో కరచాలనం చేసి, ఇంతటి గండంలో వేషం నిలబెట్టుకున్న పిల్లని తనెప్పుడూ చూడలేదంది. తర్వాత అక్కయ్య వైపు తిరిగి, "నన్ను బెంచీ మీంచి లేపిన మొదటి మనిషి మీరు" అంది. అక్కయ్య తొణకలేదు. "ఇన్‌స్పెక్షన్‌లో నిద్రపోకూడదు మేడమ్" అంది.

తిరిగొస్తూ టౌన్‌లోకి వచ్చాక అక్కయ్య, "అది నన్ను తీసుకురావద్దని చెప్పిందా?" అంది. చెప్పిందన్నాను. "నువ్వు దాన్ని ఫెయిల్ చేయించడానికే తెచ్చావు నన్ను. నీ మొహం వేలెడంత ఉన్నప్పట్నుంచీ చూస్తున్నానురా. సిగ్గులేదూ?" ఉందన్నాను. అరవైకి దగ్గరపడ్డ నన్ను, సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉండగా, నిజంగానే తొడపాశం పెట్టింది. పక్క కారాయన చూశాడు కూడా.

ఆ సాయంత్రం మా అమ్మాయి తెల్లటోపీ తీసి సోఫా మీద పడేసి అన్నానికి కూర్చుంది. గెలిచానని అనలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. తిడుతుందేమోనని చూశాను, అదీ లేదు. సారీ అన్నాను. ఊఁ అంది. కాసేపయ్యాక నేనే, "ఏడాదికొక్క ఓడే అయితే, మధ్యలో ఒంట్లో బాగాలేకపోతే మందులెలా వచ్చేవి?" అని అడిగాను. తలెత్తి నా వైపు అనుమానంగా చూసింది. నిజంగానే అడుగుతున్నానని నమ్మాక మొదలుపెట్టింది, పెరుగన్నం దాకా ఆపలేదు.

ఆ కోటలో రోజూ పొద్దున తొమ్మిదింటికి తలుపులు తీసి, గడిచిపోయిన ఆ ఒక్క ఏడాదినే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతారు. మన ఇళ్ళల్లో ఆ సదుపాయం లేదు. మా అమ్మాయి ఇరవై ఏళ్ళు నా ఇంట్లో, నా కళ్ళెదుటే పెరిగింది, ఆ ఇరవై ఏళ్ళలో నేను దాన్ని చూసింది ఒక రొట్టె కాలినంతసేపు.