సర్వేకి వచ్చిన టీచరమ్మ

ఒక్క మాట నోరు జారి, అన్నదమ్ముల మధ్య హద్దురాయి పాతించిన ఘనత నాది. నవ్వాలనుకుంటే మొహమాటపడకండి, మా ఊరంతా ఎప్పుడో నవ్వేసింది.

అప్పటికి ఉద్యోగంలో చేరి వారమే. కొమరోలు దగ్గర చిన్న పల్లె. బడి వదలగానే గొర్రెల వెంట పోయే పిల్లల కోసం సాయంత్రం క్లాసు ఒకటి ఉండేది. బడేమో ఊరికి దూరం, వచ్చే పిల్లలేమో కనబడరు. క్లాసు ఎత్తేద్దామన్నారు హెడ్మాస్టరు గారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ట్రైనింగులో చదివిన పరిశోధనలన్నీ ఇంకా బుర్రలో వేడివేడిగా ఉన్నాయి కదా, ఊరివాళ్ళని అడక్కుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదని, క్లాసు ఇంటికెంత దగ్గరుంటే పిల్లలంత బాగా వస్తారని ఆయనకే పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, సోమవారంలోగా చోటు చూపించు, లేదంటే మూసేస్తానన్నారు.

ఆదివారం పొద్దున్నే, క్లాసు ఎక్కడ పెట్టాలో ఇంటింటా అడిగి చోటు కొలుద్దామని లాంగ్‌జంప్ కొలిచే టేపు భుజాన వేసుకుని బయల్దేరాను. మొదటి ఇంటి అరుగు మీద చెన్నయ్య అనే పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"సర్వేకి వచ్చానండీ" అన్నాను.

ఇళ్ళూ పొలాలూ కొలిచే సర్వేయరు కోసం ఆ ఊరు నెలల తరబడి ఎదురుచూస్తోందని నాకేం తెలుసు? ఈ మధ్య సర్వేయర్లలో నా ఈడు ఆడపిల్లలూ ఉంటున్నారాయె.

"ఇన్నాళ్ళకు దారి తెలిసిందా తల్లీ" అంటూ ఆయన కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. చదువంటే ఈ ఊరికి ఇంత ప్రేమా అని నా కళ్ళు చెమర్చాయి. ఇంటికి ఎంత దూరంలో ఉంటే మీకు సమ్మతం అని అడిగాను.

"దూరం ఏందమ్మా. గోడ కాణ్ణించే మాది. జానెడు గూడ వదిలేది లేదు."

చదువు గుమ్మంలోనే కావాలంటున్నాడని పొంగిపోయాను. ఇంతలో పక్కింట్లోంచి తమ్ముడు రంగయ్య వచ్చాడు. రెండిళ్ళ మధ్య ఖాళీ జాగా కోసం ఈ ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవని నాకు తర్వాత తెలిసింది.

"నన్నడగకుండ ఎట్ల కొలుస్తావు?" అన్నాడు రంగయ్య.

అందరి అభిప్రాయమూ తీసుకోవాలన్నది నేను చదివిన మొదటి పాఠం. రెండువైపుల నుంచీ కొలుస్తానని హామీ ఇచ్చి టేపు పరిచాను. జనం పోగయ్యారు. రాయి ఎక్కడ పాతాలని అడిగారు. బోర్డు నిలబెట్టడానికి కాబోలనుకుని నడిమధ్యన పాతమన్నాను. గడ్డపార వచ్చింది, రాయి దిగింది. అన్యాయమని అన్న అరిచాడు, అదే మాట తమ్ముడూ అరిచాడు. నేను మాత్రం ఎంతో ప్రశాంతంగా, సాయంత్రం పిల్లల్ని పలకలతో పంపమన్నాను.

"పలకలేంది?" అన్నాడు చెన్నయ్య.

అప్పుడే గడ్డిమోపుతో వచ్చిన రంగయ్య కోడలు నన్ను పోల్చుకుంది. "ఈమె సర్వేయరేంది మామా, మా బుజ్జికి ఎక్కాలు చెప్పే కొత్త టీచరమ్మ గదా."

ఏళ్ళ తర్వాత అన్నదమ్ములు ఒక్కటయ్యారు, నన్ను తిట్టడానికి. టేపు సగం చుట్టుకుని, సగం ఈడ్చుకుంటూ పారిపోయాను. క్లాసు నా చేతుల మీదుగానే మూతపడిందని ఆ రోజంతా ఏడ్చాను.

మర్నాడు బడికి పోతుంటే చెన్నయ్య ఆపాడు. "ఆ జాగా వాడు వాడగూడదు, నేనూ వాడను. అసలు సర్వేయరు వచ్చేదాక పిల్లకాయలు కూర్చోనీ." రంగయ్య తన గుమ్మంలోంచే తలూపాడు.

ఆ సాయంత్రం నుంచి చూడాలి. రాయికి తమవైపు పిల్లలు తగ్గితే ఎక్కడ ఓడిపోతామోనని తాతలిద్దరూ మనవళ్ళను తోలారు, చాలక వీధిలో పిల్లల్నీ తోలారు. గొర్రెల వెంట తామే పోయారు. పరిశోధన అంటే ఇట్ల ఉండాల అని హెడ్మాస్టరు గారు నన్ను మెచ్చుకున్నారు. నేను వినయంగా నోరు మూసుకున్నాను.

కొన్ని నెలలకు అసలు సర్వేయరమ్మ రానే వచ్చింది. పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే మధ్యలో నిలబడి, సర్వేకి వచ్చానంది. కొలత తేలితే క్లాసు వీధిన పడుతుంది. చెన్నయ్య తమ్ముడి వైపు చూశాడు, తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"మాకు ఒక టీచరమ్మ ఉంది తల్లీ. ఇంకో ఊరు చూసుకో."

ఆ రాయి మీద చెయ్యి వేసి ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను. బొందిలో ప్రాణముండగా ఏ గడపలోనూ సర్వే అనే మాట ఎత్తను. పిల్లల కోసం వచ్చాను అని మాత్రమే అంటాను. మొన్న పక్క ఊళ్ళో అలాగే అంటే, పోలియో చుక్కలనుకుని ఊళ్ళో చంటిపిల్లలందర్నీ ఎత్తుకొచ్చి నా ముందు వరసకట్టారు.